నల్లా కారుతోందా? తొందరపడి బాగు చేయించకండి

ఇంట్లో ఏదైనా చెడిపోగానే ప్లంబర్‌కో కరెంటాయనకో ఫోన్ చేసే దురలవాటు ఈ మధ్య హనుమకొండ, కాజీపేట వైపు బాగా ప్రబలుతోంది. ఇది ఇంటి యజమాని ఉనికికే ముప్పు. నల్లా పది నిమిషాల్లో బాగైపోతే ఇక ఆదివారం ఆయనకు పనేముంటుంది? లుంగీ ఎగగట్టి, పానా చేతబట్టి, బాత్రూం గుమ్మంలో ఆలోచనలో మునిగి నిలబడే తండ్రిని చూసే భాగ్యం పిల్లలకు ఎలా దక్కుతుంది? ఈ విషయం మీద ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాలి. ఇంటి మరమ్మతు సొంతంగా మొదలుపెట్టడం ఎలా, మొదలుపెట్టినదాన్ని ఎప్పటికీ పూర్తి కాకుండా కాపాడుకోవడం ఎలా అన్నది వివరించడానికే ఈ ప్రయత్నం.

ముందుగా నల్లా. పాతరకం తిప్పే నల్లా చుక్కచుక్కగా కారుతోందంటే చాలావరకు లోపలి వాషర్ అరిగిందని అర్థం. ఓపిక లేనివాళ్లు నీళ్లు ఆపే గేట్ వాల్వ్ బంద్ చేసి, నల్లా తలకాయ విప్పి, అరిగిన రబ్బరు వాషర్ తీసి, అదే సైజుది ఇంకోటి వేసి బిగించేస్తారు. కొంచెం తిప్పగానే ధారగా వచ్చే కొత్తరకం నల్లాల్లో వాషర్ ఉండదు, సిరామిక్ బిళ్లలున్న స్పిండిల్ ఉంటుంది. దాన్నయితే ముక్కకు ముక్క మార్చేస్తారు. ఇందులో ఏదీ పెద్ద ఖర్చు కాదు, పెద్ద విద్య కూడా కాదు. ఇంత తేలికైన పనికి గౌరవం ఎక్కడి నుంచి వస్తుంది?

అసలైన యజమాని కారే నల్లాను మొదట బలమంతా పెట్టి బిగిస్తాడు. అరిగిన వాషర్ ఇంకాస్త నలిగి, కారడం ఇంకాస్త పెరుగుతుంది. అప్పుడు "ఈ ఇంట్ల ఎవ్వలికీ నల్లా సక్కగ బంద్ చేసుడు రాదు" అని ఒక ప్రకటన చేస్తాడు. వారం గడిచాక ఎంసీల్ తెస్తాడు, రెండు ముద్దలు కలిపి లీకు మీద పెట్టే లప్పం. ఆ రెండు ముద్దలనూ రంగు ఒక్కటయ్యేదాకా పిసకాలనీ, పొడిగా తుడిచిన చోటే పెట్టాలనీ, గట్టిపడేదాకా ముట్టుకోవద్దనీ తెలిసినవాళ్లు చెబుతారు. తెలిసినవాళ్లు చెప్పింది వినే అలవాటే ఉంటే మనం ఇక్కడిదాకా రాము కదా. చారలు చారలుగా ఉన్నప్పుడే, నీళ్లు కారుతున్నప్పుడే, అదీ తిరగాల్సిన భాగానికే పట్టిస్తాం. తెల్లారేసరికి ఒక పక్క మెత్తగా, ఒక పక్క గట్టిగా తయారై నల్లా తిరగడం మానేస్తుంది. కారడం మాత్రం మానదు. కింద ఒక బకెట్ పెడితే మొదటి దశ విజయవంతంగా ముగిసినట్టు.

రెండో దశ టెఫ్లాన్ టేపు, మరలోంచి నీళ్లు కారకుండా చుట్టే పల్చటి తెల్ల టేపు. మర ఏ దిక్కుకు బిగుస్తుందో టేపును ఆ దిక్కుకే చుట్టాలి. ఎదురు చుడితే బిగిస్తున్నకొద్దీ ఊడి వస్తుంది. ఊడి వస్తే టేపు నాసిరకం అని తేల్చి ఇంకో చుట్ట తెచ్చుకోవాలి. మన ఇళ్లలో సగం వాడి వదిలేసిన టెఫ్లాన్ చుట్టలు ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే అదొక ఆస్తి.

"గేట్ వాల్వ్ బంద్ చేస్తే అయిపోయె కదా" అని మధ్యలో ఎవరో ఒకరు సలహా ఇస్తారు. సాధారణంగా బామ్మర్ది. గేట్ వాల్వ్ ఉంటుంది, మేడ మీద ట్యాంకు కింద, కోతుల భయానికి ఎవరూ వెళ్లని మూలన. ఇల్లు కట్టిన రోజు తిప్పిందే, మళ్లీ తిప్పలేదు. ఏడాదిలో రెండు మూడుసార్లు ఊరికే తెరిచి మూస్తుంటే అది పట్టేయదు. పట్టేసినదాన్ని పెద్ద పానాతో తిప్పితే రెండే జరుగుతాయి. తిరగదు, లేదంటే విరుగుతుంది. విరిగితే వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లూ బిందెలతో ఒక్కచోట చేరతారు. బతుకమ్మ పండుగ తర్వాత వాడకట్టంతా ఇలా కలిసే సందర్భం ఇంకోటి లేదు.

ఇక హార్డ్‌వేర్ షాపు. వరంగల్ చౌరస్తా అయినా, మీ గల్లీ చివర రెండు షట్టర్ల దుకాణం అయినా, కౌంటర్ దగ్గర జరిగే సంభాషణ ఒకటే.

"ఏ సైజు సార్?"

"నార్మల్ సైజే."

"హాఫ్ ఇంచా, త్రీ ఫోర్తా?"

"ఇంట్ల వాడేదే, బాత్రూంల ఉంటది."

"సీపీవీసీనా, యూపీవీసీనా?"

"తెల్లగుంటది."

పైపు తెల్లగా ఉంటే చాలావరకు యూపీవీసీ, చన్నీళ్లకు వేసేది. కొంచెం మీగడ రంగులో ఉంటే సీపీవీసీ, వేడి నీళ్లకు కూడా తట్టుకునేది. ఒకదానికి వాడే గమ్ము ఇంకోదానికి పనికిరాదు. పాడైన ముక్కను జేబులో వేసుకుని షాపుకు తీసుకెళితే ఈ ప్రశ్నలేవీ ఉండవు, ఒక్కసారికే పని అయిపోతుంది. అందుకే మనం తీసుకెళ్లం. ఖాళీ చేతులతో వెళ్లి, రెండు వేళ్ల మధ్య సైజు చూపించి, తప్పుది తెచ్చి, మార్చడానికి మళ్లీ వెళ్లాలి. మధ్యలో ఒక చాయ్. ఆదివారం అలా గడవాలి.

బోరు నీళ్లున్న ఇళ్లలో షవర్ రంధ్రాల చుట్టూ తెల్లటి పొర కడుతుంది. షవర్ తల విప్పి వెనిగర్‌లో రాత్రంతా నానబెడితే పొర కరిగి ధార మళ్లీ వస్తుంది. ఇందులో పెద్దగా గొడవకు అవకాశం లేదు కాబట్టి మన ఉద్యమానికి దీనివల్ల లాభం లేదు. వదిలేద్దాం.

స్లాబు కారడంలో మాత్రం అవకాశాలు అపారం. స్లాబు ఎందుకు కారుతుందంటే పైన నీళ్లు నిలుస్తాయి కాబట్టి. నీళ్లు ఎందుకు నిలుస్తాయంటే వాటం సరిగ్గా లేక, లేదా నీళ్లు పోయే గొట్టంలో ఎండుటాకులు, పతంగి ముక్కలు, నిరుడు పోయిన బంతి ఇరుక్కుని. పగుళ్లు వెతికి, దుమ్మూ పాచీ గీకి, ఎండాకాలంలో స్లాబు బాగా ఎండి ఉన్నప్పుడే వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసి, గొట్టం నోరు మూసి నీళ్లు నిలబెట్టి చూసుకుంటే వానాకాలం హాయిగా గడుస్తుంది. ఏప్రిల్‌లో ఈ మాట చెబితే "ఇప్పుడు వానలెక్కడివి?" అంటాం. జూలైలో చెబితే "ఈ వానల ఎట్ల జేస్తం?" అంటాం. రెండూ న్యాయమైన ప్రశ్నలే. అందుకే ఆ పని ఏ నెలలోనూ జరగదు.

దసరాకు చుట్టాలొస్తారు కనుక, పైన కారే స్లాబుకు కింద హాల్లో రంగు వేస్తాం. తడి గోడకు పుట్టీ పెడితే అది పొక్కుతుందని పెయింటర్ చెబుతాడు. పెయింటర్లు అట్లనే అంటరు అని మనం కొట్టిపారేస్తాం. పండుగ రోజుకు సీలింగ్ మెరుస్తుంది. దీపావళికి పసుపు మరక వస్తుంది. సంక్రాంతికి పెచ్చులు రాలుతాయి. ఏడాదికోసారి రంగు వేసుకునే ఇల్లంటే కాలనీలో పేరు కూడా ఉంటుంది. 2023 జూలై వానలకు హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు కాలనీలే నీట మునిగినప్పుడు ఈ మరక సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. యజమానికి ఆ ఏడాది అలా గడిచింది.

అదే 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మేడ మీద తెల్లటి పూత ఎండను తిప్పికొడుతుంది, కింద గదిలో వేడి తగ్గుతుంది. చిన్న ఇళ్లకు ఇది ఎవరిష్టం వాళ్లది, ఆరు వందల గజాలు, ఆపైన ఉన్న ఇళ్లకు తప్పనిసరి అన్నారు. ఇది విని ఉత్సాహపడ్డవాళ్లు సున్నం తేవడానికి మే నెలను, పూయడానికి మిట్టమధ్యాహ్నాన్ని ఎంచుకోవడమే ఈ పథకంలో నాకు నచ్చిన భాగం. పూసిన సున్నానికి వడదెబ్బ తగలలేదు గానీ పూసినాయన రెండు రోజులు మజ్జిగ మీద బతికాడు.

వానాకాలం ఉబ్బిన తలుపు గురించి ఒక్క మాట. రాసుకుంటున్న చోట కొవ్వొత్తి రుద్ది ఊరుకుంటే చలికాలానికి చెక్క ఆరి సర్దుకుంటుంది. ఆగస్టులో చిత్రిక పట్టిస్తే జనవరిలో ఆ సందులోంచి ఎదురింటి టీవీ కనిపిస్తుంది. ఏది కావాలో మీ ఇష్టం.

గోడకు రంధ్రం కొట్టడం మగతనానికి సంబంధించిన విషయం. డ్రిల్ మిషన్ ఎవరింట్లో ఉందో కాలనీ అంతటికీ తెలుసు. స్విచ్ బోర్డుకు నిటారుగా పైనా కిందా వైర్లు పోతుంటాయి, బాత్రూం గోడ లోపల పైపులు పోతుంటాయి, ఆ వరుస తప్పించి కొట్టమని కరెంటాయన నెత్తీనోరూ కొట్టుకుంటాడు. కానీ పెళ్లి ఫొటో సరిగ్గా స్విచ్ బోర్డు పైనే అందంగా ఉంటుంది. ఏం చేస్తాం? రంధ్రంలో ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగిస్తే ఫొటో నిలుస్తుంది. అగ్గిపుల్లలు కుక్కి మొల కొడితే పెళ్లిరోజు దాకా నిలుస్తుంది.

ఇక్కడ కరెంటు గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. ఈ ఒక్క శాఖలో మన ఉద్యమం వెనకడుగు వేస్తుంది, ఎందుకంటే సభ్యుల సంఖ్య తగ్గిపోతోంది. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని దాంట్లో లావుపాటి రాగితీగ చుట్టే పెద్దమనుషులున్నారు. ఫ్యూజ్ పుట్టిందే కాలిపోవడానికి. దాన్ని కాలనివ్వకపోతే ఆ బాధ్యత గోడలోని వైరు తీసుకుంటుంది. ఇనుప డబ్బా కూలర్‌లో నీళ్లు పోసే ముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. మూడు పిన్నుల ప్లగ్గులో ఆ మూడోది అలంకారం కాదు, ఎర్తింగ్. రెండు పిన్నులదానికి మార్చుకుని "నడుస్తంది కదా" అనే కూలర్లే ప్రతి ఎండాకాలం పేపర్లో పడుతున్నాయి. ఎర్తింగ్ గుంతలో ఎండాకాలం నాలుగు బిందెల నీళ్లు పోయాలి. కరెంటు లీకైతే తనంతట తానే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి బోర్డులో పెట్టించాలి. అది మన చేత్తో కాదు, పనొచ్చినాయనతో. మీటరుకు అవతల ఏదైనా అయితే కరెంటు సంస్థ నంబరు 1912కు ఫోన్ చేయాలి, నిచ్చెన వెతక్కూడదు.

ఫ్యాను ఒక్కటి మినహాయింపు. నెమ్మదిగా తిరుగుతోందన్నా, చీపురుకట్టతో నెడితే తప్ప కదలడం లేదన్నా ఎక్కువసార్లు కెపాసిటరే కారణం. మామూలు సీలింగ్ ఫ్యానుకు 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, పాతదాని మీద అంకె చూసి అదే తెచ్చుకుని, మెయిన్ బంద్ చేసి మార్పించుకోవాలి. కానీ చీపురుకట్టతో ఫ్యాను స్టార్ట్ చేయడం కొన్ని ఇళ్లలో తాత నుంచి మనవడికి అందిన విద్య. దాన్ని ఒక కెపాసిటర్‌తో అంతం చేయమనడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇంత చెప్పాక కూడా ఇంట్లో ఒక ప్రశ్న వస్తుంది. "ఏమయ్యా, ఆ నల్లా ఎప్పుడు బాగైతది?" దీనికి జవాబు వరంగల్‌వాళ్లకు సిద్ధంగా ఉంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని బాగు చేయడానికి 2006లో విప్పారు. రాళ్లకు నంబర్లు వేసి పక్కన పెట్టారు. తిరిగి నిలబెట్టి తెరిచింది 2024 మార్చి 8న, మహాశివరాత్రి రోజు. మధ్యలో పద్దెనిమిదేళ్లు. కాకతీయులు ఇసుక పునాది మీద నిలబెట్టినదాన్ని మళ్లీ నిలబెట్టడానికి అంత కాలం పడితే, చైనా నల్లాకు ఆరు నెలలు ఎక్కువా? మీరూ విప్పిన నల్లా ముక్కలకు మార్కర్‌తో నంబర్లు వేసి, పేపర్ పరిచి బాల్కనీలో పెట్టండి. ఎవరు అడిగినా "పునరుద్ధరణ నడుస్తంది" అనండి. తేడా ఒక్కటే, వాళ్లది చివరికి పూర్తయింది.

ఎంత కాపాడుకున్నా ఏదో ఒక రోజు ఇంట్లోవాళ్లే ప్లంబర్‌ను పిలుస్తారు. ఆయన వస్తాడు, సంచి దించుతాడు, ఎంసీల్ ముద్దను ఒకసారి, టేపును ఒకసారి, బకెట్‌ను ఒకసారి చూస్తాడు. ఆ తర్వాత అడిగే ప్రశ్న ఉత్తర తెలంగాణ అంతటా ఒక్కటే. "సార్, ఇదివరకు ఇది ఎవ్వలు చేసిండ్రు?"

ఈ ప్రశ్నను నిషేధించాలన్నదే నా ప్రధాన డిమాండ్. ఆయన కూలి ఆయన తీసుకోనీ, విజిటింగ్ చార్జి కూడా తీసుకోనీ. ఆ ప్రశ్న అడగకుండా ఉంటే వంద రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి కూడా సిద్ధం. కాకపోతే ఆయన నోరు మెదపకపోయినా, వంటింట్లోంచి జవాబు దానంతట అదే వస్తుంది. కాబట్టి ఆ వందను ఎవరికివ్వాలో ఇంకొంచెం ఆలోచించాలి.