భార్య గడిలో ‘మేరీ’ అని రాసి వదిలేస్తే ఎలా?

అమెరికాలో ‘కలోనియల్ డేమ్స్ సెవెంటీన్త్ సెంచరీ’ అనే మహిళా సంఘం ఉంది. 1915లో పెట్టారు. 1701కి ముందు అక్కడి బ్రిటిష్ వలసల్లో బతికిన ఎవరి వంశంలోనో నేరుగా పుట్టి, 18 ఏళ్ళు నిండిన స్త్రీలకే సభ్యత్వం, అదీ పిలిచి ఇస్తేనే. అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి సాయపడ్డవాళ్ళ వంశపు స్త్రీలు 1890లో పెట్టుకున్న ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’ ఇంతకంటే పేరున్నది. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోకి కోడలిగానో అల్లుడిగానో వచ్చినవాళ్ళ వైపు నుంచి మన మనవరాళ్ళకీ ఈ అర్హత రావచ్చు.

ఈ సంఘాలు వంశానికి రుజువుగా కాగితం అడగడాన్ని నేను తప్పు పట్టను. ప్రతి తరానికీ పుట్టుక, పెళ్ళి, చావుల రుజువులు కావాలి. ఫలానా బిడ్డ ఫలానావాళ్ళకే పుట్టిందనే లింకు అన్నిటికంటే ముఖ్యం. నా కోపమల్లా దరఖాస్తు ఫారంలో ఒక్క గడి మీద. వంశం మగవాడి వైపు నుంచి వస్తే అతని రుజువు చాలు, పక్కన భార్య గడిలో ‘మేరీ’ అని రాసినా ఫారం పాసైపోతుంది. పుట్టింటి పేరు ఖాళీ. ఆడవాళ్ళు ఆడవాళ్ళ కోసం పెట్టుకున్న సంఘంలో ఇది జరగకూడదు!

ఆ పుట్టింటి పేరు దొరకడం కష్టమే. 1850కి ముందు జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. యజమానికి ఎవరేమవుతారో రాయడం 1880లో మొదలైంది. 1890 లెక్కలు చాలావరకు నాశనమయ్యాయి. అప్పటి చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి సొంత ఆస్తి దాదాపు ఉండదు, కాబట్టి ఆమె వీలునామా కూడా ఉండదు.

అయినా ఆమె కనిపించే చోటు ఒకటుంది. భర్త భూమి అమ్మితే అందులో భార్యకి జీవితకాలపు వాటా హక్కు ఉండేది. చాలాచోట్ల ఆమెను భర్త లేకుండా విడిగా కూర్చోబెట్టి, ఇష్టపడే హక్కు వదులుకుంటున్నావా అని అడిగి, ఆ మాట దస్తావేజుల పుస్తకంలో ఎక్కించేవారు. కింద ఆమె సంతకమో, చదువు రాకపోతే ఒక గుర్తో ఉంటుంది. అక్కడ పేరు, ఏడాది చిక్కుతాయి. ఇక ఆ పొలానికి హద్దుల్లో ఉన్న ఇరుగుపొరుగువాళ్ళ వీలునామాలు, ప్రేమకొద్దీ కూతురికి రాసిచ్చిన దానపత్రాలు, సాక్షుల పేర్లు వరసగా చూడాలి. ‘నా కూతురు మేరీ, ఫలానావాడి భార్య’ అన్న ఒక్క ముక్క దొరికితే పని అయినట్టే.

చదివేటప్పుడు మాటలతో జాగ్రత్త. ఆనాటి వీలునామాలో ‘డాటర్ ఇన్ లా’ అంటే సవతి కూతురు కావచ్చు, ‘కజిన్’ అంటే మేనల్లుడు కావచ్చు. ఒకే ఊళ్ళో సీనియర్, జూనియర్ అని ఉన్నంత మాత్రాన తండ్రీకొడుకులు కారు. 1752కి ముందు బ్రిటిష్ వలసల్లో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. కాగితంలో 1700 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1701. కుటుంబ బైబిల్ తెస్తే అచ్చయిన ఏడాది ఉన్న పేజీ కూడా తీయాలి. అచ్చుకంటే ముందటి పుట్టుకలు అందులో ఉంటే అవి తర్వాత గుర్తున్నంత మేరకు రాసినవని అర్థం.

ఇంకా గట్టిగా చెప్పాల్సింది బానిస తల్లుల గురించి. 1662లో వర్జీనియా చట్టం బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టే అంది. తండ్రి తెల్లవాడైనా, తల్లి బానిసైతే బిడ్డా బానిసే. ఆ తండ్రి పేరు కాగితం మీదకి రావాల్సిన అవసరమే లేకుండా పోయింది. 1850, 1860 బానిసల పట్టికల్లో వయసు, లింగం, రంగు ఉంటాయి. పేర్లు దాదాపు ఉండవు. ఆ వంశాల స్త్రీలు దరఖాస్తు చేస్తే యజమాని చనిపోయాక రాసిన ఆస్తి జాబితాలు, అమ్మకపు చీటీలు, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళ కోసం పెట్టిన బ్యాంకు ఖాతాల కాగితాలు కలిపి చదివి లింకు ఒప్పుకోవాలి. సర్టిఫికెట్ లేదని తిప్పిపంపితే ఆ చట్టాన్నే ఇవాళ మళ్ళీ అమలు చేసినట్టవుతుంది.

సంఘంలో ఫారాలు చూసేవాళ్ళు, భార్య పుట్టింటి పేరు ఖాళీగా వచ్చిన ప్రతి ఫారానికీ ఒక కాగితం జత అడగండి: ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది), ఏ దస్తావేజుల పుస్తకం, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా చూశారు, ఏమీ దొరకలేదా అని. తర్వాత వెతికే అమ్మాయి అక్కడి నుంచి మొదలుపెడుతుంది.