‘గుర్తు చేశారు’ అనే మాటతోనే నా గొడవ

ఎన్నికలొచ్చాయంటే మా ఒంగోలు, నెల్లూరు సభల్లో ఇద్దరు పెద్దమనుషుల్ని తప్పకుండా స్టేజీ ఎక్కిస్తారు. ఒకరు టంగుటూరి ప్రకాశం పంతులు, ఇంకొకరు పొట్టి శ్రీరాములు. పార్టీ ఏదైనా సరే, వాళ్లిద్దరి మెడలో కండువా పడాల్సిందే.

నాయకుల మీద నాకు పెద్ద కోపం లేదు. ఎండలో మూడు గంటలు కూర్చున్న జనానికి నాలుగు మాటలు ఉప్పూకారం వేసి చెప్తారు. మా తాత కథ చెప్పినా అంతే. నాకు మండేది దాన్ని మర్నాడు పేపర్లో అచ్చేసేవాళ్లతో. నేనూ ఆ గూటి పక్షినే లెండి. పన్నెండేళ్లు ఒక పేపర్‌కి మండల కంట్రిబ్యూటర్‌గా చేశాను, లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్లను బట్టే డబ్బులు.

అప్పట్లో ఒంగోలు సభలో ఒక నాయకుడు (పేరెందుకు, అందరూ ఒకటే) ఇట్టా అన్నాడు: ‘పంతులుగారు చొక్కా విప్పి, కాల్చరా సైమన్ అంటే, సైమన్ తుపాకీ దించి పడవెక్కి పారిపోయాడు!’ విజిళ్లే విజిళ్లు. నా పక్కన కెమెరా పట్టుకున్న కుర్రాడు కూడా నవ్వాపుకోలేక షూట్ చేశాడు.

సైమన్ అంటే బ్రిటిష్ ప్రభుత్వం మన దేశానికి పంపిన కమిషన్‌కి పెద్ద. జరిగిందేంటంటే, ఆ కమిషన్ వద్దంటూ 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో హర్తాళ్. హైకోర్టు దగ్గర పోలీసు కాల్పుల్లో ఒక మనిషి చనిపోయాడు. ఆ శవాన్ని చూడటానికి పంతులుగారు వెళ్తుంటే, అడుగు ముందుకేస్తే కాలుస్తామని సిపాయిలు తుపాకులు గురిపెట్టారు. ఆయన గుండె చూపించింది వాళ్లకి. సైమన్ ఆ రోజు మద్రాసులోనే లేడు, దిగింది బొంబాయిలో. పైగా ఆయనా బారిష్టరే, మన పంతులుగారూ బారిష్టరే, తుపాకీ సంగతి ఎక్కడ్నించి వచ్చిందో! నన్నడిగితే అసలు కథే గొప్పది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి శవం దగ్గరికి పోవడానికి ప్రాణం ఒడ్డిన మనిషాయన.

ఇదే రెండు లైన్లలో వార్త చివర పెట్టి పంపాను. రాత్రి డెస్కు నుంచి ఫోను. ‘అన్నా, ఆయన చెప్పింది రాయి. నువ్వు చెప్పేది ఎవడిక్కావాలి?’ పొద్దున పేపర్ తెరిస్తే నా రెండు లైన్లు లేవు. ‘సైమన్‌ను తరిమికొట్టిన గడ్డ ఇదని ఆయన గుర్తు చేశారు’ అని ఉంది.

గుర్తు చేశారంట! పాలవాడి బాకీ గుర్తు చేస్తాం, తద్దినం తిథి గుర్తు చేస్తాం. జరగనిదాన్ని గుర్తు చేయడమేంది? ‘అన్నారు’ అని రాస్తే అది ఆయన మాటగా ఉంటుంది. ‘గుర్తు చేశారు’ అన్నామంటే మనమూ కింద సంతకం పెట్టినట్టే. అవతలి పార్టీ పేపర్లో ఇదే ముక్క ‘చెప్పుకొచ్చారు’ అని వస్తుంది. నాయకుడు గోడ దూకితే ఆయన క్రియాపదం కూడా దూకుతుంది. నేనే చూశాను.

టీవీ వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఎవరో సంవత్సరం తప్పు పలికితే దాన్ని రెండు రోజులు తిప్పారు. నలుగుర్ని కూర్చోబెట్టి అరిపించారు. అసలు సంవత్సరం ఏదో ఆ రెండు రోజుల్లో ఒక్కడన్నా చెప్తే ఒట్టు.

ఇక శ్రీరాములుగారు. ‘ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణాలిచ్చారు’ అని ప్రతి సభలో వింటాం, ప్రతి పేపర్లో చదువుతాం. ఆయన 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చుంది మద్రాసు రాష్ట్రం నుంచి విడిగా ఆంధ్ర రాష్ట్రం కావాలని. డిసెంబరు 15 రాత్రి పోయారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆ రాష్ట్రం వచ్చింది. దానికి మొదటి ముఖ్యమంత్రి ఎవరనుకున్నారు, మన పంతులుగారే! ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబరు 1న. స్టేజీ మీద పక్కపక్కనే కటౌట్లు పెడతారు గానీ, ఆ ఇద్దరి కథలూ ఎక్కడ కలిశాయో చెప్పిన వక్తను నేను చూడలేదు, అడిగిన విలేకరినీ చూడలేదు.

నెల్లూరులో మాత్రం నాకు కడుపు రగిలే విషయం ఇంకోటుంది. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని ఇదే శ్రీరాములుగారు నిరాహారదీక్ష చేశారు. అంటరానితనం పోవాలని అట్టల మీద రాసి తగిలించుకుని, మిట్టమధ్యాహ్నం చెప్పులూ గొడుగూ లేకుండా మన వీధుల్లోనే తిరిగేవారు. పిచ్చోడు అనుకున్నారంట జనం. జిల్లాకి ఆయన పేరు పెట్టుకున్నాం. ఈ ముక్క ఏ సభలోనన్నా విన్నారా? చెప్తే ఏ ఓటు జారిపోతుందో అని నాయకుడి లెక్క నాయకుడిది. మరి పేపరోళ్లకేమైంది? మూలాపేట ఏమన్నా చంద్రమండలంలో ఉందా?

మొన్న మా మండలంలో కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్ చేసి, ‘అంకుల్, శ్రీరాములుగారు పోయింది ఏ సంవత్సరం? సభలో ఏదో చెప్పారు, నాకు డౌటొచ్చింది’ అన్నాడు. నాకెంత ముచ్చటేసిందో. తారీఖులన్నీ చెప్పాను, మూలాపేట సంగతి కూడా. పొద్దున్నే పేపర్ కొనుక్కొచ్చి చూశాను. తారీఖు కరెక్టుగానే పడింది. మూలాపేట లేదు. వాడికి ఫోన్ చేస్తే, ‘పంపాను అంకుల్, యాడ్ వచ్చిందని ఎత్తేశారు’ అన్నాడు.

యాడ్ ఎవరిదో చూద్దామని పేజీ తిప్పాను. ఆ నాయకుడిదే. శ్రీరాములుగారి ఫొటోతో.