నల్లపట్టీ గారికి, బెంగళూరు నుంచి

మహారాజరాజశ్రీ నల్లపట్టీ గారి దివ్యసముఖానికి, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఓ చిన్న గేమ్ స్టూడియోలో బ్యాగ్రౌండ్లు సెట్ చేసుకుని బతికే వాడు రాసుకునే ఉత్తరం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా బానే ఉన్నాం, మీరు మాత్రం ఏ ఫోన్‌లోనూ బాగుండకూడదనే మాకు జీతాలిస్తున్నారు.

మీరెవరో తెలియని వాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తా. బొమ్మదో షేపు, ఫోన్‌దో షేపు అయినప్పుడు మిగిలిపోయిన జాగాలో పైనా కిందా గానీ అటూ ఇటూ గానీ వచ్చి నిలబడేది తమరే. ఏమీ అనరు, కదలరు, బ్యాటరీ కూడా పెద్దగా తినరు. అయినా మీ మొహం కనపడితే చాలు యాప్ స్టోర్‌లో ఒకటే స్టారు, "ఫుల్ స్క్రీన్ రావట్లేదు, వేస్ట్ గేమ్" అని. గేమ్ మధ్యలో క్రాష్ అయినా మూడు స్టార్లిచ్చి "గ్రాఫిక్స్ సూపర్ బ్రో" అనే ధర్మాత్ములున్నారు, వాళ్ళు కూడా మిమ్మల్ని క్షమించరు.

మా గేమ్ సంగతి వినండి. సంక్రాంతి పండగలో భోగి పొద్దున ఒక ఊరు, ఫోన్ అడ్డంగా పట్టుకుని ఆడేది. కాకినాడ కుర్రాడొకడు బొమ్మేశాడు, 1920 బై 1080 పిక్సెళ్ళు, అంటే ముచ్చటైన 16:9, వెడల్పు పదహారు పాళ్ళయితే ఎత్తు తొమ్మిది. మధ్యలో గుడి, గోపురం పక్కన ఇంకా దిగని చందమామ, కింద వాకిట్లో ముగ్గు, కుడివైపు చివర భోగి మంట, ఎడమ చివర గంగిరెద్దూ దాని వెనక సన్నాయి ఊదే ఆయనా. ఆ ఎద్దు మీది బొంతలో అద్దాలు కూడా ఒక్కొక్కటీ కూర్చుని వేశాడు పాపం. మీటింగ్‌లో అందరూ చప్పట్లు కొట్టాక ప్రొడ్యూసర్ గారు చల్లగా అన్నారు, "అన్ని ఫోన్లలో ఫుల్‌గా రావాలి, ఏదీ కట్ అవ్వకూడదు, సాగినట్టు కూడా ఉండకూడదు." ఈ మూడూ ఒకేసారి కుదరవు సార్ అంటే "ట్రై చెయ్యండి" అన్నారు. దేన్ని ట్రై చెయ్యాలి, రేఖాగణితాన్నా?

మొదట సాగదీశాం. గేములు తయారుచేసే కోకోస్ అనే సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఎగ్జాక్ట్ ఫిట్ అంటారు, పేరు వింటే టైలర్ కొలతలు తీసుకుని కుట్టినట్టుంటుంది గానీ చేసేది మాత్రం రెండు చెవులూ పట్టుకుని లాగడమే. 16:9 బొమ్మ 20:9 ఫోన్‌లోకి వెళ్తే అడ్డంగా పాతిక శాతం ఎక్కువ సాగుతుంది, గోపురం పొట్టిదైపోయింది, చందమామకి బుగ్గలొచ్చాయి, గంగిరెద్దులో మాత్రం ఏం తేడా తెలియలేదు, పైగా ఇంకా బాగా మేపినట్టు కనపడింది. కుర్రాడు చూసి ఏం మాట్లాడకుండా టీ తాగడానికి కిందకెళ్ళిపోయాడు.

సరే సాగదీయొద్దు, నిండా నింపి మిగిలింది కోసేద్దాం అన్నారు. అదే 20:9 ఫోన్‌లో వెడల్పు నింపితే ఎత్తులో అయిదో వంతు పోతుంది, చందమామ పైకీ ముగ్గు కిందికీ జారుకున్నాయి, పోనీ అనుకున్నాం. అసలు తమాషా టాబ్లెట్‌లో. ఎస్పీ రోడ్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత టాబ్లెట్ ఒకటుంది మా టెస్టింగ్ డ్రాయర్‌లో, 4:3 ది, దాంట్లో ఎత్తు నింపితే అటో 240 ఇటో 240 పిక్సెళ్ళు గాల్లో కలిసిపోతాయి. ఎడమవైపు పోయిన 240లో గంగిరెద్దు నడుం దగ్గరికి తెగింది, సన్నాయి ఊదే ఆయన మనిషే లేడు, కానీ సన్నాయి మాత్రం స్పీకర్‌లోంచి శుభ్రంగా వినపడుతోంది, సగం ఎద్దు తాళానికి తల ఊపుతోంది. "అన్నా, నా ఎద్దునెవరు కోశారు" అని ఆ పిల్లాడు అడిగితే టీమ్ మొత్తం కీబోర్డుల వైపు చూసింది.

మూడో ఉపాయం ఇంకా ఘోరం, మీ జాగాలో అదే బొమ్మని ఉబ్బించి మసకగా చేసి పెట్టడం. మన న్యూస్ ఛానెళ్ళు నిలువుగా తీసిన ఫోన్ వీడియో వేసేటప్పుడు అటూ ఇటూ అదే వీడియో మసకగా ఆడుతుంటుంది చూశారా, అదే విద్య. మిమ్మల్ని దాచడానికి అంత కష్టపడి చివరికి ఆ మసకలో భోగి మంటని చూసి మా అమ్మ "ఫోన్‌కి నూనె చెయ్యి తగిలిందా" అంది.

మిమ్మల్ని ఇంతమంది తరుముతుంటే నాకు ఈ ఊరి సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా, గుర్తొస్తుంది. ఇక్కడ 30 బై 40 అడుగుల సైట్ అంటే ప్రాణం, లెక్క చూస్తే అది అచ్చంగా పాత ఐప్యాడ్ 4:3 షేపే, 20 బై 30 సైటేమో 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ 3:2. చుట్టూ ఇంత జాగా వదలాలి అని రూల్ ఉంటుంది, ఎవడూ వదలడు, గోడకి గోడ, మెట్లు రోడ్డు మీదకి, అడిగితే కన్నడంలో "స్వల్ప అడ్జస్ట్ మాడి", కాస్త సర్దుకోండి అని. మీరు స్క్రీన్‌లో సెట్‌బ్యాక్ అన్నమాట, కాగితం మీద మర్యాద, కళ్ళ ముందు ఖాళీగా ఉంటే మాత్రం అందరికీ కడుపుమంట.

పాత రోజులు గుర్తున్నాయా మీకు? 2012లో ఐఫోన్ 5 వచ్చినప్పుడు ఎత్తు 960 నుంచి 1136కి పెరిగింది, అప్‌డేట్ చెయ్యని యాప్ అన్నిటికీ పైన 88 కింద 88 పిక్సెళ్ళు మీకే ధారాదత్తం చేశారు. మిమ్మల్ని వెళ్ళగొట్టాలంటే కోడ్ కూడా అక్కర్లేదు, డీఫాల్ట్-568హెచ్ అనే పేరుతో యాప్ తెరవగానే కనపడే పొడుగు బొమ్మ, లాంచ్ ఇమేజ్ ఒకటి ప్రాజెక్ట్‌లో పడేస్తే చాలు, ఓహో వీడికి పొడుగు స్క్రీన్ తెలుసు అని ఫోనే నమ్మేసేది. ఒక పీఎన్‌జీ ఫైల్‌కి భయపడి పారిపోయారు తమరు, ఇంతోటి దానికి.

తర్వాత 2017, అది మీ స్వర్ణయుగం. ఎల్‌జీ జీ6 18:9 అంది, గెలాక్సీ ఎస్8 కాదు 18.5 అంది, ఐఫోన్ ఎక్స్ వచ్చి 19.5 అని పాట పెంచింది. ఆండ్రాయిడ్ ఏడు దాకా మేం పొడుగు ఫోన్లకి సిద్ధం అని యాప్ విడిగా చెప్పకపోతే 1.86 నిష్పత్తి దగ్గర ఆపేసి మిగతాది మీకే ఇచ్చేది సిస్టమ్, అంటే గెజిటెడ్ పోస్టింగే. అటు ఐఫోన్ ఎక్స్ డిజైన్ గైడ్‌లో మాత్రం నాచ్‌నీ (కెమెరా కోసం స్క్రీన్‌లో కోసిన గాటు) గుండ్రటి మూలల్నీ నల్లపట్టీలతో కప్పెయ్యొద్దని రాశారు. మీ మీద లిఖితపూర్వక నిషేధం! స్క్రీన్‌లో ముక్క కోసేసింది వాళ్ళు, దాన్ని కప్పితే తప్పు మాది. ఆ నాచ్ పుణ్యాన ఫోన్ అడ్డంగా పెడితే రెండు వైపులా 44 పాయింట్లు (అది ఐఫోన్ కొలత) బటన్లు పెట్టకూడని జాగా, బ్యాగ్రౌండ్ మాత్రం అక్కడికీ పోవాల్సిందే, మీరు మాత్రం పోకూడదు.

అన్నట్టు యూనిటీ అని ఇంకో గేమ్ సాఫ్ట్‌వేర్‌లో మీ రంగు కూడా మీది కాదు. అక్కడ ఆటని చూపించే 2డి కెమెరా ఎత్తు మారనివ్వకుండా పట్టుకుని కూర్చుంటుంది, ఫోన్ వెడల్పయ్యే కొద్దీ పక్కలకి ఎక్కువ చూపిస్తుంది, బొమ్మ అయిపోయాక కెమెరా బ్యాగ్రౌండ్ కలర్ బయటపడుతుంది, ఎవరూ మార్చకపోతే అది ముదురు నీలం. అలా మా ఆట మొదటి బిల్డ్‌లో, అంటే ఆడి చూసే మొదటి ప్రతిలో, మీరు నీలంగా వేంచేశారు. క్లయింట్ వైపు ఒకావిడ "స్కై నైస్" అంది. మేం ఆవిడ మాట కాదనలేదు.

ఇప్పుడు చేస్తున్నదేంటంటే, బొమ్మని 2400 బై 1080 వేయించాం, 20:9 కి సరిగ్గా సరిపోతుంది. టాబ్లెట్‌కి అందులో మధ్య 1440 మాత్రమే కనపడుతుంది, అంటే ఆటకి పనికొచ్చేవన్నీ, గుడి, ఎద్దు, సన్నాయాయన, భోగి మంట, అందరూ ఆ 1440లోనే ఒత్తుకుని సర్దుకోవాలి. బయట అటో 480 ఇటో 480, మొత్తం నలభై శాతం బొమ్మ, పోయినా ఎవడూ ఏడవనిది వెయ్యాలి. అందుకే ఏ మొబైల్ గేమ్ చూసినా అంచుల్లో పొదలు, బండరాళ్ళు, మబ్బులు, కొబ్బరి చెట్లే ఉంటాయి, అదేదో ఆర్టిస్టులకి ప్రకృతి మీద ప్రేమ అనుకునేరు. మా వాడు కొబ్బరి చెట్లు వేసి వేసి కోనసీమ మొత్తం దింపేశాడు. కంప్రెస్ చెయ్యకపోతే ఆ ఒక్క బ్యాగ్రౌండే మెమరీలో పది ఎంబీ, అందులో నాలుగు ఎంబీ టాబ్లెట్ వాడు జన్మలో చూడని కొబ్బరి చెట్లు.

ఇంత చెప్పాక కూడా నేను మీ పక్షమే, మొహమాటం లేకుండా చెప్తున్నా. సాగదీస్తే బొమ్మేసినవాడికి అన్యాయం, కోస్తే ఆడేవాడికి తెలియకుండా దొంగతనం, మసకబెడితే ఇద్దరికీ కళ్ళనొప్పి. బొమ్మ ఇంతే ఉంది బాబూ అని ఒప్పుకునేది మీరొక్కరే. కానీ అది మీటింగ్‌లో అంటే నా అప్రైజల్‌కి నల్లపట్టీ పడుతుంది, కాబట్టి మనిద్దరి మధ్యే ఉంచండి.

ఇక భవిష్యత్తు అంటారా, దిగులు పడకండి. 2019 ప్రాంతం నుంచి మడతపెట్టే ఫోన్లొచ్చాయి, మూసి ఉంటే సన్నగా నిలువు, తెరిస్తే దాదాపు చతురస్రం, అదీ ఆట మధ్యలో తెరుస్తారు, ఎద్దు ఒక అడుగు వేసేలోపు లోకం షేపు మారిపోతుంది. మా కొబ్బరి చెట్లు దానికి చాలవు. పైగా ఆండ్రాయిడ్ 16 కోసం తయారుచేసే యాప్‌లకి పెద్ద స్క్రీన్ల మీద నేను నిలువుగానే ఉంటా, ఇంత షేపులోనే ఉంటా అని భీష్మించే హక్కు తీసేశారు, అంటే అక్కడ మీకు దారి మూసేసినట్టే, కాకపోతే గేములకి మినహాయింపిచ్చారు. ఆ మినహాయింపు పేజీ ప్రింట్ తీసి మా ప్రొడ్యూసర్ టేబుల్ మీద పెట్టా, ఆయన దాని మీద టీ కప్పు పెట్టుకుని మడత ఫోన్లలో కూడా ఫుల్‌గా రావాలి అన్నారు. సోమవారం బిల్డ్‌లో ఆ మడత ఫోన్ వరకు మాత్రం అటో వేలెడు ఇటో వేలెడు మిమ్మల్ని పెడుతున్నా, అంచుకి సన్నగా ముగ్గు బోర్డర్ కూడా వేయిస్తున్నా, ఎవరైనా అడిగితే డిజైన్ అని చెప్తాను, మీరు మాత్రం నోరెత్తకండి.

ఇట్లు,
మీ విధేయుడు, గంగిరెద్దుకి రెండు వైపులా బాధ్యుడు