కనిపెట్టారా? అయితే మూడు కొటేషన్లు తెండి

లోకంలో ఎవరూ చెయ్యని వస్తువు కనిపెట్టండి, దాన్ని కంపెనీగా మార్చండి, ప్రభుత్వం మీ వెనకే ఉంది అంటారు. అబద్ధం కాదు. వెనకే ఉంది. చంకలో ఫైలు పెట్టుకుని, మూడు కొటేషన్లు ఎప్పుడిస్తారా అని చూస్తూ ఉంది.

నేను పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. వ్యాపారం మా వంశంలో లేదు; మా తాత కిరాణా కొట్టు పెట్టి, ఊరందరికీ అరువిచ్చి, రెండేళ్లకే తలుపులేశాడు. అయినా నా దగ్గర పీహెచ్‌డీ చేసే కుర్రాడి వల్ల నేనూ స్టార్టప్ మనిషినయ్యాను. వాడిది కదిరి పక్క పల్లె. వేరుసెనక్కాయలకు తడి తగిలి బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. కంటికి కనబడదు, లివర్‌ను పాడుచేస్తుంది. దాన్ని పావుగంటలో పట్టే కాగితం పట్టీ చేశాడు వాడు. మొదటి పరీక్ష వాళ్ల నాన్న పండించిన కాయల మీదే. పట్టీ మీద ఎర్ర గీత తేలినప్పుడు వాడు కేకపెట్టలేదు, ఫోన్ తీసి నాన్నకు చేశాడు: "నానా, ఆ మూల మూటలు అమ్మొద్దు, ఇంట్లోనూ తినొద్దు."

మేం దరఖాస్తు చేసేనాటికి గ్రాంట్లకేం తక్కువ లేదు. నమూనా చెయ్యడానికి ప్రయాస్ అనే పథకం కింద 10 లక్షల దాకా, బయోటెక్ వాళ్లకు బిగ్ అనే పథకం కింద పద్దెనిమిది నెలలకు 50 లక్షల దాకా, స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో 20 లక్షల దాకా. మేమూ ఒకదానికి పెట్టాం. ఫారంలో మొదటి ప్రశ్నే మీ టీఆర్ఎల్ ఎంత అని. అంతరిక్షంలోకి పంపే సామాను ఎంతవరకు సిద్ధమైందో చూసుకోవడానికి నాసా వాళ్లు పెట్టుకున్న కొలత అది, ఇప్పుడు తొమ్మిది మెట్లు. వేరుసెనక్కాయ ఏ మెట్టు మీదుందో వారం రోజులు తర్జనభర్జన పడి నాలుగు అని రాశాం. మూడంటే ఇంకా పసిపిల్ల అంటారు, ఆరంటే ఇక గ్రాంటెందుకు అంటారు.

గ్రాంటు వచ్చింది. దండలు, ఫొటో. అసలు కథ ఆ మర్నాడు మొదలైంది.

పట్టీకి ప్లాస్టిక్ డబ్బీ కావాలి. డబ్బీకి మౌల్డు, అంటే పోత పోసే అచ్చు, కావాలి. బాలానగర్‌లో ఒక షెడ్డాయన చేస్తానన్నాడు. కాగితాలు పట్టుకుని అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లాను. సూపరింటెండెంట్ గారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టారు.

"మూడు కొటేషన్లేవి సార్?"

"ఇది బజార్లో దొరికేది కాదు సార్. మా వాడు కనిపెట్టిందానికి కొలతిచ్చి చేయించుకోవాలి."

"ఇంకెవరూ చెయ్యరా?"

"చెయ్యరు."

"అయితే ఇంకెవరూ చెయ్యరని సర్టిఫికెట్ తెండి."

"ఎవరివ్వాలి?"

"ఎవరు చేస్తున్నారో వాళ్లే ఇవ్వాలి."

"చేసింది మా కుర్రాడే సార్."

"అయ్యో, ఆ అబ్బాయి ఇస్తే ఎలా? వాడి వస్తువు మీద వాడే సంతకం పెడితే రేపు ఆడిట్లో నేనేం చెప్పాలి?"

ఆయన చెడ్డవాడు కాదు. మూడేళ్లలో రిటైరవుతారు, పెన్షన్ ఫైలు మచ్చ లేకుండా ఉండాలి. అది నాకూ తెలుసు, అందుకే కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక బాలానగర్ బస్సెక్కాను.

షెడ్డాయన నా బాధ విని నవ్వాడు. "యూనివర్సిటీనా సార్? ముందే చెప్పొద్దూ!" అని సొరుగు లాగాడు. అందులో మూడు లెటర్‌హెడ్లు, మూడు రబ్బరు స్టాంపులు. ఒకటి తన పేర, ఒకటి బామ్మర్ది పేర, ఒకటి ఇంటావిడ పేర. తనది లక్షా ఎనభై వేలు, బామ్మర్దిది లక్షా తొంభై, ఇంటావిడది రెండు లక్షలు. ఒకే కంప్యూటర్లో, ఒకే అక్షరాల్లో కొట్టాడు. కొటేషన్ అనే మాటకు స్పెల్లింగ్ మూడింట్లోనూ ఒకేలా తప్పు.

ఆ మూడు కాగితాల మీద ఐదుగురు పెద్దలు రెండుసార్లు సమావేశమయ్యారు. మొదటిసారి కోరం లేక టీ తాగి లేచారు. రెండోసారి, సమోసాలు కూడా వచ్చాయి, తులనాత్మక పట్టిక వేశారు. ఒక ప్రొఫెసర్ గారు ఇంటావిడ ధర ఎందుకంత ఎక్కువో ఆరా తీశారు. "క్వాలిటీ బాగుంటుందేమో" అన్నారు ఇంకొకాయన. ఇంటావిడతో బేరమాడి చూడాలని ఒక ప్రతిపాదన వచ్చింది. ఇరవై నిమిషాల చర్చ తర్వాత, తక్కువ ధర కాబట్టి భర్తకే ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. నేనూ సంతకం పెట్టాను. నిజం చెబితే ఆగిపోయిన ఫైలు అబద్ధం చెబితే కదిలింది.

2025 జూన్‌లో కేంద్రం తన పరిశోధన సంస్థల్లో కొటేషన్ లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచింది. సంతోషం. ఆ సర్క్యులర్ మాకు వర్తిస్తుందా లేదా అని తేల్చడానికి మా దగ్గర కమిటీ వేశారు.

ఈలోగా మార్చి వచ్చింది. ముప్పై ఒకటిలోగా ఖర్చు కాని డబ్బు వెనక్కి. మౌల్డు కాలేదు గానీ స్టార్టప్‌లకు చోటిచ్చే ఇంక్యుబేషన్ సెంటర్‌కి ఏసీ వచ్చింది, తిరిగే కుర్చీలొచ్చాయి, గోడ మీద రాకెట్ బొమ్మ వేశారు. ఆ రాకెట్ టీఆర్ఎల్ ఎవరూ అడగలేదు.

ఇంతవరకు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ కుర్రాడి సంగతి మాత్రం నవ్వుతూ చెప్పలేను. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ పరీక్ష ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ విద్యార్థికి వచ్చేది నెలకు 8,000. ఏళ్ల తరబడి అదే 8,000. అదీ నెలనెలా రాదు. ఐదు నెలలకోసారి, బతిమాలితే. గ్రాంటులో వాడి జీతానికి పద్దు లేదట, "పరిశోధకుడు ఎలాగూ విద్యార్థే కదా" అట. ఏసీకి పద్దుంది. రంగులకు పద్దుంది. కనిపెట్టిన మనిషి అన్నానికి పద్దు లేదు! పరిశోధనకు కేంద్రం లక్ష కోట్ల నిధి అని టీవీలో చెప్పిన రోజు వాడు హాస్టల్ మెస్ బాకీ కోసం నా దగ్గర రెండు వేలు చేబదులడిగాడు. తల దించుకుని అడిగాడు. దించుకోవాల్సిన తల వాడిదా? సిగ్గులేని పని ఎవరు చేస్తే ఎవరు సిగ్గుపడుతున్నారు?

జూన్‌లో వాడు వెళ్లిపోయాడు. మౌల్డు ఆగస్టులో వచ్చింది. చక్కగా ఉంది, నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాను.

నిన్న గ్రాంటు తాలూకు చివరి ఫారం నింపాను. "ఈ స్టార్టప్ వల్ల ఎంతమందికి ఉద్యోగం దొరికింది?" అని ఒక గడి ఉంది. ఒకరికి అని రాశాను. ఎక్కడ అని పక్క గడి. బెంగళూరు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్.