పీఈటీ కావాలంటే ఎంత వేగంగా పరిగెత్తాలి?

బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు, అంటే పీఈటీ కావాలంటే చదవాల్సిన కోర్సులకు ప్రవేశ పరీక్ష పీఈసెట్. అందులో రాత పరీక్ష ఉండదు. వంద మీటర్ల పరుగు, షాట్‌పుట్, లాంగ్‌జంప్ లేదా హైజంప్, మగవాళ్లకు 800 మీటర్లు, ఆడవాళ్లకు 400 మీటర్లు. ఆ పైన ఏదో ఒక ఆటలో నైపుణ్య పరీక్ష. వ్యాయామ విద్యలో డిగ్రీ బీపీఈడీ, డిప్లొమా డీపీఈడీ. వీటి సీట్లు ఈ పరీక్ష ర్యాంకుతోనే వస్తాయి. మా కాలేజీ గ్రౌండ్‌లో ఏటా తెల్లవారుజామున స్టాప్‌వాచ్ పట్టుకుని సెకనులో పదో వంతు కోసం చెమటోడ్చే కుర్రాళ్లు కనిపిస్తూనే ఉంటారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయలేం. కానీ పరిగెత్తడం ఇష్టంలేని పిల్లను గ్రౌండ్‌లోకి ఎలా తెస్తావు అన్న ప్రశ్న ఆ పరీక్షలో ఎక్కడా లేదు.

తాను చేసి చూపించలేనివాడు పిల్లలకేం నేర్పుతాడని అంటారు. నిజమే, అందుకే పరుగు పరీక్ష తీసేయమని ఎవరూ అనరు. చిక్కంతా అక్కడే ఆగిపోవడంతో. వేగంగా పరిగెత్తేవాడికి పరుగు ఎప్పుడూ భయం పుట్టించి ఉండదు. ఆ భయం ఎలా ఉంటుందో అతనికి ఎవరైనా నేర్పాలి.

2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) తెచ్చిన నిబంధనలతో ఏడాది బీపీఈడీ రెండేళ్లయింది. సిలబస్‌లో అనాటమీ, ఫిజియాలజీ, ఆరోగ్య విద్య, యోగా, టీచింగ్ ప్రాక్టీస్ అన్నీ ఉన్నాయి. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. అయితే ఆరోగ్య విద్య పరీక్షకు ముందురోజు బట్టీపట్టే పేపర్‌గా, అంపైరింగ్, కోచింగ్ అసలు చదువుగా చలామణి అవుతున్నాయి. పోస్టింగ్ వచ్చాక కూడా పీఈటీకి పేరొచ్చేది స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీల సెలక్షన్లలో ఎంతమంది పిల్లలు నెగ్గారన్న దానితోనే.

ఏ హైస్కూల్లోనైనా జరిగేదే ఒకటి చెప్తాను. తొమ్మిదో తరగతి అమ్మాయి రెండో రౌండులోనే ఆయాసంతో ఆగిపోతుంది. ‘పొద్దున ఏం తినలేదా? కూర్చో’ అంటారు సారు. వేపచెట్టు కింద కూర్చుంటుంది. మరుసటి వారం కూడా అక్కడే. కొన్నాళ్లకు తన చోటు అదేనని ఆమెకూ, సారుకూ అలవాటైపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ఆ చెట్టు కింద కూర్చున్న పిల్లది బద్ధకం కాకపోవచ్చు. కనురెప్పల లోపలి భాగం పాలిపోయిందేమో చూడటం, పరుగు బదులు నడకతో మొదలుపెట్టించడం, ఐరన్ మాత్ర వేసుకుంటున్నావా అని అడగడం, పీహెచ్‌సీకి పంపడం... వీటికి పెద్ద డిగ్రీ అక్కర్లేదు. పీఈటీకి ఇది తన పనేనని శిక్షణలో చెప్పి ఉంటే చాలు.

మనం ఇంకా ‘డ్రిల్ మాస్టారు’ అనే అంటాం. బ్రిటిష్ కాలపు బడుల్లో మాజీ సైనికులు కవాతు చేయించిన రోజుల నుంచి మిగిలిన మాట అది. వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి అమెరికా నుంచి వచ్చిన హ్యారీ బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. నూరేళ్లు దాటింది. అయినా బళ్లో ప్రార్థన దగ్గర లైను సరిచేయాలన్నా, ఆలస్యంగా వచ్చినవాణ్ని గేటు దగ్గర ఆపాలన్నా, ఆగస్టు 15 పరేడ్ చేయించాలన్నా ఇప్పటికీ పీఈటీ కావాలి. మెడలో విజిల్, చేతిలో బెత్తం. బెత్తం పట్టుకున్న మనిషి దగ్గరికి ‘సార్, నాకు కడుపులో నొప్పి’ అని ఏ పిల్ల వెళుతుంది?

తప్పంతా వాళ్ల మీదకు నెట్టడం అన్యాయం. వందలమంది పిల్లలకు ఒక్కరు, రెండు బంతులు, సగం గ్రౌండ్‌లో కంకర కుప్పలు. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే పీఈటీలవి 182. విద్యాహక్కు చట్టం సైతం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితేనే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుణ్ని అడుగుతుంది. ఒకటి నుంచి ఐదు దాకా ఆ ఊసే లేదు. గెంతడం, విసరడం, పట్టడం ఒంటికి అబ్బే వయసు అదే మరి.

ఈ మధ్య కేంద్రం చేపట్టిన ఫిట్ ఇండియా కార్యక్రమం కింద పిల్లలకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క), 50 మీటర్లు, 600 మీటర్లు, పుషప్స్ లెక్కగట్టి యాప్‌లో ఎక్కిస్తున్నారు. ఎక్కించాక? 600 మీటర్లు పూర్తిచేయలేని పిల్లాడికి వచ్చే మూడు నెలలు ఏం చేయించాలో చెప్పగలిగితేనే ఆ అంకెకు విలువ. లేకపోతే అదీ ఇంకో రిజిస్టరే.

నన్నడిగితే బీపీఈడీ టీచింగ్ ప్రాక్టీస్ మార్కుల్ని ఒక్కచోట మార్చాలి. ఇప్పుడు పాఠం చూడ్డానికి బయటి ఎగ్జామినర్ వస్తున్నారంటే బాగా ఆడే పిల్లల్ని ముందు వరసలో నిలబెడతారు. ఎగ్జామినర్ వెనక వరసకు వెళ్లాలి. అక్కడున్న పదిమంది, అంటే లావుగా ఉన్నవాడు, కాలు ఈడ్చేవాడు, చున్నీ సర్దుకుంటూ నిలబడే పిల్ల, ఆ పీరియడ్‌లో ఎన్నిసార్లు బంతి ముట్టుకున్నారో లెక్కపెట్టాలి. మార్కులు దానికి వేయాలి.

ఆ వెనక వరస నాకు బాగా తెలుసు. హైస్కూల్లో మూడేళ్లు కబడ్డీ పీరియడ్‌లో స్కోరు రాసే పని నాదే. ‘నీకు చేతిరాత బాగుంటుంది రా’ అన్నారు మా సారు. ఒక్కరోజు కూడా కోర్టులో అడుగుపెట్టలేదు. స్కోరు మాత్రం ఏనాడూ తప్పు రాయలేదు.