మహారాజశ్రీ గడ్డం గారి సముఖమునకు

మహారాజశ్రీ గడ్డం గారికి, మీరు కాపురముంటున్న మొహం తాలూకు మనిషి నెల్లూరు నుంచి నమస్కరించి రాసుకున్న లేఖ. ఉభయకుశలోపరి. మీ క్షేమం రోజూ అద్దంలో కనపడుతూనే ఉంది. నా క్షేమం మీరు అడగరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

ఇల్లుగలాయన అద్దెకున్నవాళ్ళకు ఉత్తరం రాస్తే అందులో గొంతు కాస్త పెద్దదిగా ఉంటుంది. నాకా ధైర్యం లేదు. మొహం నాదన్న మాటేగానీ పెత్తనమంతా మీది. మీ ఒంటి మీద కత్తెర పడాలంటే నేను హైదరాబాదుకు ఫోన్ చేసి పర్మిషన్ తీసుకోవాలి.

అసలు మీరు వచ్చిన వైనం జనానికి తెలియాలి. ఒక సినిమాలో విలన్ వెనక నిలబడే బృందంలో నేనొకణ్ణి. పోస్టర్లో ఉండను, ట్రైలర్లో అదృష్టం బాగుంటే భుజం కనపడుతుంది. మొదటి షెడ్యూల్లో నేను గేటు తీశాను. తీసి, లోపలికి నడిచి, హాల్లో కూర్చున్న విలన్‌తో "అన్నా, వాళ్ళొచ్చేశారు" అనాలి. నా డైలాగంతా అదే. గేటు ఒక ఊళ్ళో ఉంది. హాలు ఇంకా సెట్టు వెయ్యలేదు. హీరోగారి డేట్లు కుదిరాక వేస్తారట. ఎండాకాలంలో గేటు తీశాను. ఇప్పుడు నెల్లూరికి తుపాన్ల సీజన్ వచ్చేసింది. నేనింకా హాల్లోకి చేరలేదు. తెర మీద మాత్రం నాలుగడుగులే.

ఆ రోజు ప్యాకప్ అయ్యాక అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడొకడు వచ్చి ముందు నుంచి, ఎడమ నుంచి, కుడి నుంచి ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాడు. నన్ను కాదు, మిమ్మల్ని. "అన్నా, కంటిన్యుటీ ఉంది. గేటు దగ్గరున్నట్టే హాల్లోనూ కనపడాల. తీయొద్దు, పెంచొద్దు, ఇట్టానే ఉంచు" అన్నాడు. నా పేరు అడగలేదు. ఫొటో కింద 'గేటు గడ్డం' అని రాసుకోవడం మాత్రం కళ్ళారా చూశాను.

తీయొద్దంటే సరే, బద్ధకం చాలు. పెంచొద్దు కూడా అన్నారే, అక్కడొచ్చింది చిక్కు. మీరేమో రాత్రి పగలు తేడా లేకుండా పెరుగుతారు. అందుకని సెలూన్‌కు పోయి, కుర్చీలో కూర్చుని, ఫోన్‌లో ఆ ఫొటోలు తెరిచి చేతికిచ్చాను. సెలూన్ అన్న దాన్ని వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, నా గవద పట్టుకుని దీపం వైపు తిప్పి, దువ్వెన అడ్డంపెట్టి ఒక్కో వెంట్రుకా కొసలు తీశాడు. కటింగ్ చేసినట్టు కనపడకూడదని ఆయన్ను అడిగిన మొదటి మనిషిని నేనేనట. అయిపోయాక అద్దం చూపించి, "ఏం తేడా కనపళ్ళేదు గదా?" అన్నాడు. లేదన్నా అన్నాను. "మరి దీనికి డబ్బులెందుకిస్తుండావబ్బయా?" అని ఆయనే ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపోతూనే తీసుకున్నాడు.

మన దగ్గర మగాడు గడ్డం పెంచాడంటే దానికొక కారణం ఉండి తీరాలి. అయ్యప్ప మాలైనా వేసుండాలి, భార్య నీళ్ళోసుకునైనా ఉండాలి, ఇంట్లో ఎవరైనా పోయుండాలి, ఇవేవీ కాకపోతే ప్రేమలో దెబ్బతినుండాలి. మీ పుణ్యమా అని నాకు ఈ నాలుగూ అంటగట్టారు. కూరగాయల బండి ఆయన "స్వామీ, వంకాయలు లేతగా ఉండాయి" అంటాడు. మా వీధి చివర పెద్దామె మా ఆవిణ్ణి ఆపి "ఎన్నో నెలమ్మా?" అంది. మా ఆవిడ ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం తగ్గించింది. ఎప్పుడో కలిసి చదువుకున్నవాడొకడు బస్టాండులో నన్ను చూసి, ఏమీ అడక్కుండా భుజం తట్టి, టీ ఇప్పించి వెళ్ళిపోయాడు. నాలుగింటిలో దేనికోసం ఇప్పించాడో ఇప్పటికీ తెలియదు.

ఇదంతా ఒకెత్తు, మాలకొండ ఒకెత్తు. చిన్నదానికి జ్వరం తగ్గితే నా తలనీలాలు ఇస్తానని అమ్మ మాల్యాద్రి స్వామికి మొక్కుకుంది. మొక్కింది ఆమె, జుట్టు నాది, హక్కులేమో నిర్మాతవి. మీతోపాటు నెత్తి మీదున్న మీ అన్నగారు కూడా ఆ ఫొటోల్లో ఉన్నారు కదా! కందుకూరు అవతల ఉన్న ఆ కొండ మీద స్వామి శనివారం ఒక్కరోజే దర్శనమిస్తాడు. మిగతా ఆరు రోజులూ దేవతలు, ఋషులు సేవించుకుంటారంటారు. ఇంత కచ్చితంగా కాల్షీటు ఇచ్చి, ఇచ్చిన మాట మీద నిలబడేవాళ్ళను నేను మా ఫీల్డులో చూళ్ళేదు. మేం శనివారం బండి మాట్లాడుకున్నామంటే చాలు, శుక్రవారం రాత్రి మేనేజర్ ఫోన్. "అన్నా, ఈ వీకెండ్ షూట్ ఉండొచ్చు, స్టాండ్‌బైలో ఉండండి." ఉండొచ్చు అన్నది ఎప్పుడూ ఉండలేదు. బండి అడ్వాన్స్ మాత్రం పోయేది.

చివరికి అమ్మ పట్టుబట్టింది. "దేవుడికిస్తానన్న జుట్టు సినిమావోళ్ళకి తాకట్టు పెట్టొచ్చావా నాయనా?" అంటే ఏం చెప్పను? పోయాం. గుండుకు బదులు మూడు కత్తెర్లు ఇద్దామని మధ్యేమార్గం నేనే చెప్పాను. అక్కడాయన తల వంచమని వెనక జుట్టు పట్టుకోగానే గుర్తొచ్చింది, గేటు తీసేటప్పుడు కెమెరా నా వెనకే ఉంది. "అన్నా, వెనక వద్దు" అన్నాను. ముందు పట్టుకున్నాడు. "ముందు అసలొద్దు." ఎడమ పక్క పట్టుకున్నాడు. గేటు కుడిపక్కకు తెరుచుకుంటుంది, అంటే నా ఎడమ చెంప పడుతుంది. "అటూ వద్దన్నా." వెనక క్యూ పెరిగింది. ఆయన కత్తెర పక్కనపెట్టి, "స్వామికి యాడ ఇయ్యాలనుకుంటుండావో నువ్వే చూపియ్యి" అన్నాడు. కుడి చెవి వెనక, జుట్టు లోపల, దేవుడికి తప్ప ఎవరికీ కనపడని చోట మూడు కత్తెర్లు పడ్డాయి. అమ్మ రెండు చేతులూ జోడించి స్వామికేదో చెప్పుకుంది. అది క్షమాపణ అని ఆమె పెదాలు చూస్తేనే తెలిసింది.

రొట్టెల పండక్కీ మీరు నాతోనే వచ్చారు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్ళలో దిగి చూస్తే ఉద్యోగ రొట్టె ఉంది, పెళ్ళి రొట్టె ఉంది, సొంతింటి రొట్టె, విదేశీ రొట్టె, ఆరోగ్య రొట్టె అన్నీ ఉన్నాయి. వేషం రొట్టె ఎవరి దగ్గరా లేదు. ఉద్యోగ రొట్టె పట్టుకున్న కుర్రాణ్ణి అడిగితే, "సినిమా దీంట్లోకి వస్తుందా అన్నా?" అని సందేహంలో పడ్డాడు. ఈలోగా మా ఆవిడ ఎవరి దగ్గరో ఒకటి తీసుకుని గబగబా తినేసింది. ఏం రొట్టె అంటే చెప్పలేదు. మీ వైపు చూసి నవ్వింది. కోరిక తీరితే వచ్చే ఏడు తనూ రొట్టెలు తెచ్చి పంచాలి, అప్పుడెలాగూ బయటపడుతుంది.

సరే, ఇంత త్యాగం చేశాం, మీ వల్ల ఇంకో వేషమన్నా వస్తుందా అంటే అదీ లేదు. ఒంగోల్లో మా మేనత్తావాళ్ళ గృహప్రవేశం. పాలు పొంగే టైముకు మెసేజ్ వచ్చింది. బ్యాంకు మేనేజర్ వేషం, సాయంత్రం ఐదులోపు సెల్ఫ్ టేప్ కావాలి, అంటే ఆడిషన్ వీడియో మనమే తీసి పంపాలి, ప్లెయిన్ బ్యాక్‌గ్రౌండ్, ఫోన్ అడ్డంగా పెట్టాలి. కొత్తిల్లు గనక గోడలకు కొదవ లేదు, కానీ అన్నింటికీ పసుపు బొట్లు పెట్టేశారు. వంటవాళ్ళ గంగాళాలు, బియ్యం బస్తాలు పెట్టిన గదిలో వెనక గోడకు దుప్పటి కట్టి నిలబడ్డాను. ఎదుటి పాత్ర డైలాగులు చదవడానికి ఖాళీగా ఉన్నది అత్త ఒక్కతే. అప్పు ఎగ్గొట్టి మేనేజర్ మీదకొచ్చే రౌడీ ఆమె.

"అత్తా, కొంచెం కోపంగా చదువు."

"ఇంట్లో అడుగుపెట్టిన రోజు కోపమేందిరా, అరిష్టం" అని, అద్దాలు సర్దుకుని, "నీ అంతు చూస్తాను నాయనా" అని చదివింది. ఆ నాయనా కాగితంలో లేదు. మూడో టేకులో "ఎవురన్నా అంతు చూస్తామంటే నువ్వట్టా ఊరుకోబాక" అని నాకు సలహా కూడా ఇచ్చింది. అది రికార్డయింది, అదే పంపాను. రాత్రికి జవాబొచ్చింది. "యాక్టింగ్ బాగుంది అన్నా, అత్తగారు ఇంకా బాగున్నారు. క్లీన్ షేవ్‌లో ఇంకోటి పంపగలరా?" కంటిన్యుటీలో ఉందండీ అన్నాను. బొటనవేలు బొమ్మ పెట్టారు.

పోనీ, గడ్డమున్న వేషాలే చూసుకుందామని సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి సికింద్రాబాదులో దిగి, కృష్ణానగర్‌లో ఆడిషన్‌కు పోయాను. గది నిండా గడ్డాలే. అందరి చేతుల్లో అదే కాగితం, అందరి పెదాల మీదా అదే డైలాగు. నా నంబరొచ్చాక లోపలున్నాయన తలెత్తి నన్ను పైనుంచి కిందకు చూసి, "గడ్డాలు చాలా వచ్చాయండీ. మీకు గడ్డం లేని ఫొటో ఉందా?" అన్నాడు. ఉంది, ఆధార్ కార్డు మీద ఉంది.

మీకో పాత సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మా ఊరి టౌన్‌హాల్లో పద్యనాటకాలాడిన పెద్దవాళ్ళు సాయంత్రం మిమ్మల్ని స్పిరిట్ గమ్‌తో అంటించుకునేవాళ్ళు. తెల్లవారుజామున పీకి పెట్టెలో పడేసి, మంట పుట్టిన చెంపలకు కొబ్బరినూనె రాసుకుని, పదింటికి ఆఫీసులో సంతకం పెట్టేవాళ్ళు. ఈ జిల్లా నుంచి పోయి పేరు తెచ్చుకున్న రమణారెడ్డి శానిటరీ ఇన్‌స్పెక్టరుగా, రాజనాల రెవెన్యూ శాఖలో పనిచేసినవాళ్ళే. అప్పట్లో సినిమా మద్రాసులో ఉండేది. మాకు 170 పైచిలుకు కిలోమీటర్లు. పొద్దున రైలెక్కి, ఎవరో ఒకర్ని కలిసి, కాదనిపించుకుని, రాత్రి భోజనానికి ఇల్లు చేరొచ్చు. ఇప్పుడు కాదనిపించుకోవడానికి రాత్రంతా ప్రయాణం చేయాలి.

హీరోగారికీ గడ్డం ఉంది, కాదనను. ఆయన గడ్డం పెరగాలంటే షెడ్యూల్ ఆగుతుంది. ఆయన తీసేస్తే కథలోనే ఒక కారణం పుట్టుకొస్తుంది, అదీ కుదరకపోతే విగ్గుల మేకప్‌మ్యాన్ దిగుతాడు. నేను తీసేస్తే ఇంకొకడు హాల్లోకి నడుస్తాడు, అంతే. గేటు తీసిన రోజుకు నాకు బేటా, అంటే రోజు బత్తెం, ఇచ్చారు. మిగతాది రెండో షెడ్యూల్ అయ్యాకట. మధ్యలో మీరు పెరగకుండా, తరగకుండా, ఎక్కడికీ పోకుండా డ్యూటీ చేసిన రోజులకు పైసా లేదు. మనిషిని పనిలేకుండా పంపేసి గడ్డాన్ని మాత్రం డ్యూటీలో ఉంచుకునే వ్యవహారం ఇంకెక్కడన్నా ఉందా? ఉంటే చెప్పండి, అక్కడ మీకు జీతమన్నా ఇస్తారేమో కనుక్కుందాం. మీకొచ్చినా నాకొచ్చినట్టే.

పోనీ మీరే ఒక తేదీ చెప్పండి. మంగళవారం సెలూన్లు తెరవరు. శుక్రవారం అమ్మ ఒప్పుకోదు. శనివారం స్వామిది. ఆదివారం ఏ ఫంక్షనో ఉంటుంది, అక్కడే ఏదో ఒక సెల్ఫ్ టేపూ ఉంటుంది. మిగిలిన మూడు రోజుల్లో మేనేజర్ ఫోన్ ఎత్తే రోజు చూసి వెళ్ళిపోండి. చిన్నది ముద్దు పెట్టమంటే దూరం నుంచి చెయ్యి ఊపుతోంది.

ఇట్లు,
తమ విధేయుడు.

తా.క.: ఎట్లాగూ తీయకూడదు కదా అని ఈ ఏడు అయ్యప్ప మాల వేసుకుందామనుకుంటున్నాను. 41 రోజుల పుణ్యమన్నా దక్కుతుంది. గురుస్వామిని అడిగితే దీక్షలో అబద్ధమాడకూడదన్నారు. కాస్టింగ్ వాళ్ళు అడిగినప్పుడు "డేట్స్ టైట్‌గా ఉన్నాయండీ, అయినా మీకోసం సర్దుతాను" అనడం అబద్ధం కిందకు వస్తుందా అని అడిగాను. పెద్ద గురుస్వామిని కనుక్కుని చెబుతానన్నారు.