నాలుగు సెమిస్టర్లు చదివినా నోరు పెగలని స్పానిష్

అమెరికా విశ్వవిద్యాలయాల్లో విదేశీ భాషల తరగతులు పలచబడుతున్నాయన్న వార్త పాతదే. అక్కడి భాషా అధ్యాపకుల సంఘం మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ లెక్కల్లో 2016-2021 మధ్య స్పానిష్ చేరికలు 18 శాతం పడిపోయాయి. అయినా 5.84 లక్షలతో, ఇంగ్లిషు కాని భాషలన్నింటి చేరికల్లో దాదాపు సగం 2021లోనూ స్పానిష్‌వే. 2023లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం విదేశీ భాషల శాఖను మొత్తంగా ఎత్తేస్తామంది, గొడవయ్యాక కొద్దిమంది అధ్యాపకులను మిగిల్చింది. ఇదంతా తెలిసిందే. నాకు ఒళ్లు మండేది ఆ వెంటనే వినిపించే మాటకి: "ఈ తరం పిల్లలకు ఆసక్తి లేదండీ, పట్టుదల అసలే లేదు."

ఆసక్తి సంగతి తర్వాత. ముందు గంటల లెక్క చూద్దాం. అమెరికా తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పించే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్, ఇంగ్లిషు వాళ్లకు సులువైన భాషల వరుసలో స్పానిష్‌ను పెట్టింది. ఆ సులువైన భాషే ఉద్యోగానికి పనికొచ్చేంతగా రావాలంటే 600 నుంచి 750 తరగతి గంటలు పడుతుందని దాని అంచనా. (మన తెలుగుకైతే 1,100 గంటలు రాశారు. కాలర్ ఎగరేయొచ్చు.) అక్కడ చదివేవాళ్లకు జీతం వస్తుంది, పగలంతా అదే పని. మరి యూనివర్సిటీలో? వారానికి మూడు నాలుగు గంటలు, సెమిస్టరుకు 15 వారాలు. డిగ్రీకి భాష తప్పనిసరి అన్నచోట కూడా రెండు నుంచి నాలుగు సెమిస్టర్లతో సరి. నాలుగూ పూర్తిచేసినవాడికి దక్కేది 180 నుంచి 240 గంటలు. మూడోవంతు ఉడికిన అన్నం వడ్డించి, తినడం లేదేమని పిల్లవాణ్ని తిడుతున్నాం.

ఆ కాసిన్ని గంటల్లోనూ ఎక్కువ భాగం క్రియారూపాలతో ఖాళీలు పూరించడానికే పోతుంది. తరగతిలో తనలాగే తడబడే పాతికమంది తప్ప మాట కలిపే మనిషి ఉండడు. రెండేళ్ల తర్వాత ఆ విద్యార్థి మెక్సికన్ హోటల్ కౌంటర్ దగ్గర నిలబడతాడు. అవతలి మనిషి గబగబా ఒక వాక్యం అంటాడు. ఇతనికి ఒక్క ముక్కా అందదు. ఇంటికొచ్చి "నాకు భాషలు రావు" అని తీర్పు రాసేసుకుంటాడు. ముందు మాట రాలేదు, దాని వెనకాలే ఇష్టం పోయింది. సర్వేలు మాత్రం ఈ వరుసను తిరగేసి చదువుతాయి.

పరిశోధకులకు ఇది తెలియక కాదు. 1959లోనే గార్డ్‌నర్, లాంబర్ట్ అనే ఇద్దరు కెనడాలోని మాంట్రియల్‌లో ఫ్రెంచి నేర్చుకునే పిల్లలను గమనించి, ఆ భాష మాట్లాడే మనుషుల్లో కలవాలనుకునేవాళ్లు బాగా నేర్చుకుంటున్నారని తేల్చారు. మనుషుల్లో కలవాలనిపించాలంటే ముందు ఆ మనుషులు కనపడాలి గదా! కొరియన్ సంగతి చూడండి. అదే 2016-2021 మధ్య కొరియన్ చేరికలు 38 శాతం పెరిగాయి. క్రెడిట్ల కోసమే అయితే స్పానిష్ ఉండగా ఎవరూ అంత దూరం పోరు. తరగతిలో అడుగుపెట్టేనాటికే ఆ పిల్లల చెవుల్లో పాటలూ సీరియళ్ల మాటలూ ఉన్నాయి.

తప్పనిసరి నిబంధన లేకపోతే వచ్చే నలుగురూ రారని అధ్యాపకులు భయపడతారు. నిజమే, దాన్ని తీసేయమని నేననడం లేదు. వేసవిలో విద్యార్థులచేత ఇంగ్లిషు మాట్లాడబోమని ప్రమాణం చేయించి భాష నేర్పే మిడిల్‌బరీ కళాశాలను ఉదాహరణగా చూపిస్తే, "అక్కడికి పోయేవాళ్లకు ముందే పిచ్చి ఉంటుంది" అంటారు. ఉండొచ్చు. కానీ ఆ పిచ్చి నిలిచేది భోజనాల బల్ల దగ్గర ఉప్పు కావాలన్నా స్పానిష్‌లోనే అడగాల్సి వచ్చినప్పుడు. రెండేళ్లకు పలచగా పరిచిన గంటలను ఒక్క సెమిస్టరులో కుక్కితే విశ్వవిద్యాలయాలకు పోయేదేమిటో నాకు అర్థం కాదు. టైంటేబుల్ చెడుతుంది, అంతేగా.

డాలస్‌లో మా అక్క కొడుకున్నాడు. హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివించే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) స్పానిష్ తీసుకుని అయిదుకి అయిదు తెచ్చుకున్నాడు. దాంతో కాలేజీలో భాష గొడవ తీరిపోయింది, పుస్తకం అటకెక్కింది. ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. "మే గుస్తా ఎల్ కఫే" అన్న వాక్యం దగ్గర అమెరికన్ పిల్లలు బోర్లా పడతారు, ఇష్టపడే మనిషి ఆ వాక్యంలో కర్త కాడు గనక. మనకు అది "నాకు కాఫీ ఇష్టం", అంతే. "ఆబ్లో" అంటే చాలు, "మాట్లాడతాను" అన్నట్టే, "నేను" అక్కర్లేదు. "తూ", "ఉస్తెద్" అంటే మన నువ్వు, మీరు. త, ద పలకడానికి నాలుక ఎక్కడ తగలాలో పుట్టుకతోనే వచ్చు. ఇంట్లో ఇంత పెట్టుబడి పెట్టుకుని, ఇంగ్లిషు దారిన చుట్టు తిరిగి స్పానిష్ నేర్చుకున్నాడు. ఇంట్లో భాష ఎందుకైనా పనికొస్తుందన్న ఊహే వాడికి రాలేదు. వాడికే కాదు, వాళ్ల నాన్నకూ రాలేదు.

వస్తుందని ఎలా అనుకోను? మా బావ తెలుగు వదిలి ఇంటర్లో సంస్కృతం తీసుకుని 98 తెచ్చుకున్న బాపతు. ఇవాళ ఒక్క శ్లోకం తడుముకోకుండా చెప్పలేడు. రెండు రాష్ట్రాల్లోనూ తరాల తరబడి ఎంపీసీ, బైపీసీ పిల్లలకు సెకండ్ లాంగ్వేజ్ అంటే మార్కులు దాచుకునే హుండీ. సంస్కృతం మీద గౌరవంతో కాదు, తెలుగులో అన్ని రావని. పరీక్ష అయిన మర్నాడు ఆ భాషతో పని లేదని మనం ఇంట్లోనే నేర్పి పంపుతాం. ఆ తర్వాత అమెరికా యూనివర్సిటీ మన పిల్లలకు కొత్తగా చెడగొట్టేదేమీ లేదు.

పోయిన వసంతంలో వడగళ్లు పడి అక్కావాళ్ల ఇంటి పైకప్పు దెబ్బతింది. బాగుచేయడానికి వచ్చిన ఆరుగురూ మెక్సికో వాళ్లు. మా అమ్మ అప్పుడు అక్కడే ఉంది. ఎండలో పనిచేస్తున్నారని జగ్గుతో మజ్జిగ కలిపింది. "ఒరేయ్, కిందికి రమ్మని చెప్పు, నువ్వు చదివావుగా" అంది మనవడితో. వాడు "ఒక్క నిమిషం అమ్మమ్మా" అని ఫోన్ తీశాడు. వాడు టైప్ చేసేలోపు ఆవిడ గ్లాసు పైకెత్తి ఊపింది, వాళ్లు దిగారు. మజ్జిగ ఒకడే తాగాడు, మిగతావాళ్లు నీళ్లే అడిగారు. మూడో రోజు అక్క ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది: అమ్మ నిచ్చెన కింద నిలబడి "మాస్ ఆగ్వా?" (ఇంకా నీళ్లు కావాలా?) అని అరుస్తోందట, "సీ, సెన్యోరా" అని పైనుంచి కేక వస్తోందట. వీడు లోపల గదిలో ఉన్నాడట, తలుపేసుకుని.